పెట్టె మీద నాలుగు డిగ్రీలు

ఏప్రిల్ 14, సోమవారం

బీపీ 130/85.

ఈ డైరీ హిమజ పనిచేసే మెడికల్ షాపుకు మందుల కంపెనీ వాళ్ళు ఇచ్చింది. ప్రతి పేజీ కిందా కడుపు ఉబ్బరం మాత్ర బొమ్మ ఉంది. పెళ్ళాం ప్రేమగా ఇచ్చింది కాబట్టి వాడుతున్నాను. హబ్సిగూడ డాక్టరు రోజూ పొద్దున్నే బీపీ చూసుకుని నెల రోజులు రాసుకు రమ్మన్నాడు. ముప్పై మూడేళ్ళకే నాకు బీపీ ఏమిటని అడిగితే, ఏం పని చేస్తారన్నాడు. చెప్పాను. ఇంకేమీ అడక్కుండా చీటీ రాసిచ్చాడు.

బీపీ మెషీన్ కూడా హిమజే తెచ్చింది. అట్టపెట్టెతో సహా టీవీ పక్కన ఉంది. పై అంకె ఎలా వచ్చిందంటే, డాక్టరు దగ్గర 150 వచ్చింది, డాక్టర్ని చూస్తే ఎవరికైనా ఓ ఇరవై పెరుగుతుందట, అది తీసేశాను. ఇదీ ఒక పద్ధతే.

రోజుకు ఒక అంకె రాస్తే మిగతా పేజీ బోసిగా ఉంటుందని ఇదంతా రాస్తున్నాను. డాక్టరుకు అంకెలు వేరే కాగితం మీద ఎక్కించి ఇస్తాను. ఇది మాత్రం నాకే.

ఏప్రిల్ 16, బుధవారం

బీపీ 130/84.

మా సార్ విజయభాస్కర్‌కు నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక రేకుల షెడ్డు, అందులో పదకొండు మందిమి. ఇరవై ఏళ్ళు స్టెబిలైజర్లు చేశాడు. అవి ఎవరూ కొనడం లేదని ఇప్పుడు శవాల మీద పడ్డాడు. చావు ఇంట్లో దూరపు చుట్టాలు వచ్చేదాకా మనిషిని పెట్టే అద్దాల ఫ్రీజర్ పెట్టె ఉంటుందే, దానికి కంట్రోల్ బోర్డు చేస్తున్నాం. లోపల లినక్స్, పైన చిన్న స్క్రీన్, స్క్రీన్ మీద డిగ్రీలు. అన్నోజిగూడలో పెట్టెలు అద్దెకు తిప్పే బాలరాజు పది కొత్త పెట్టెలకు బోర్డులు అడిగాడు. మా అత్తమ్మ ఊళ్ళో అందరికీ అల్లుడిది సాఫ్ట్‌వేర్ అని చెప్పుకుంటుంది. ఎవరి సాఫ్ట్‌వేర్ అని ఇంతవరకు ఎవరూ అడగలేదు, బతికిపోయాను.

ఇవాళ స్క్రీన్ గురించి మీటింగ్. సెన్సర్ చదవకపోతే రెండు గీతలు చూపిద్దామన్నాను. సార్ ఒప్పుకోలేదు.

“చావు ఇంట్ల స్క్రీన్ మీద గీతలేంది దయా? మందికి ఐసీయూ యాదికొస్తది. సదవకపోతే మనం సెట్ జేసిన నంబరే సూపియ్యి. నాలుగు. మంచిగుంటది.”

అలాగే పెట్టాను. జీతం ఇచ్చేవాడి కళాదృష్టితో వాదించకూడదు.

ఏప్రిల్ 19, శనివారం

బీపీ 128/84. తగ్గుతోంది. ఉప్పు తగ్గించడం వల్ల అని హిమజ అనుకుంటోంది. నేనే తగ్గించాను.

ఉప్పల్‌లో ఫ్లైఓవర్ స్తంభాల కింద నలభై నిమిషాలు ఇరుక్కున్నాను. ఆ స్తంభాలు నా పెళ్ళికి ముందు నుంచీ నిలబడే ఉన్నాయి, పాపం కాళ్ళు నొప్పులు పుట్టవేమో. సిగ్నల్ దగ్గర ఉండగా సార్ మెసేజ్. పాత సెన్సర్ చిప్ మార్కెట్లో దొరకడం లేదట, ఇంకో కంపెనీది తెచ్చాడట, చూసుకోమన్నాడు. వెనక బస్సువాడు హారన్ మీదే పడుకున్నాడు. బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టి బండి కదిలించాను.

ఏప్రిల్ 21, సోమవారం

బీపీ 128/82.

షెడ్డులో ఒక పాత అసెంబుల్డ్ కంప్యూటర్ ఉంది. నువ్వు ఏ కంపెనీదానివని దాన్నే అడిగాను. తయారీదారు పేరు అన్న చోట ఇంగ్లీషులో “తయారీదారు నింపవలెను” అని వచ్చింది. మోడల్ కూడా తయారీదారు నింపవలెను. సీరియల్ నంబరూ అంతే. చేసినవాడు ఫారం నింపకుండా ఇంటికి పోయాడు, ఆపరేటింగ్ సిస్టమ్ ఆ ఖాళీని కూడా మర్యాదగా తెచ్చి మన ముందు పెడుతోంది. పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను.

సంతోషిని పిలిచి చూపించాను. మా టెస్టింగ్ బల్ల దగ్గర పనిచేసే పిల్ల, మోత్కూరు నుంచి వచ్చింది, ఐటీఐ చదివింది.

“గంతేనా దయన్నా? ఇది సూసి చెప్పదా, రాసిందే సదువుతదా?”

చూడ్డానికి దానికి కళ్ళెక్కడివని మొత్తం చెప్పాను. బోర్డు లేవగానే ఫర్మ్‌వేర్ ఒక చిట్టా తెచ్చి ఆపరేటింగ్ సిస్టమ్ చేతిలో పెడుతుంది. డివైస్ ట్రీ అంటారు, మేం చెట్టు అంటాం. ఫలానా తీగ మీద ఫలానా సెన్సర్ ఉంది, దాని పరిస్థితి ఓకే అని అందులో రాసి ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్ ఆ చిట్టాను ఫోల్డర్లుగా పరిచి మనకు చూపిస్తుంది. ఒకటి తెరిస్తే సెన్సర్ పేరు, పక్కది తెరిస్తే ఓకే. మా బోర్డులకు ఆ చిట్టా రాసేది నేను. అంటే వాటి నుదుటి రాత నాదే అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు. హాస్యం అందరికీ అబ్బదు.

ఏప్రిల్ 24, గురువారం

బీపీ 126/82.

కొత్త బోర్డులకు చెట్టు ఎక్కించాను. ఎక్కించడమంటే పాత చెట్టుకే పేరు మార్చాను. ఏడాదిగా నడుస్తున్నదాన్ని కెలకడం ఎందుకు. టెస్టు ప్రోగ్రాం కూడా నాదే. సెన్సర్ ఫోల్డర్ ఉందా, అందులో ఓకే అని ఉందా, ఉంటే పాస్. పదికి పది పాసయ్యాయి. నా చేతిలో ఏదో ఉంది.

భోజనాల తర్వాత సంతోషి గేటు బయట చెరుకురసం బండి దగ్గర ఐస్ ముక్క అడిగి తెచ్చింది. కవర్లో చుట్టి బోర్డు మీది సెన్సర్‌కు ఆనించింది.

“దయన్నా, జర గిటు సూడు. ఐస్ పెట్టినా నాలుగే, తీసినా నాలుగే. సోల్డరింగ్ గన్ దగ్గరికి తెచ్చిన, గప్పుడు గూడ నాలుగే.”

“ఫోల్డర్ తెర్సి సూడు. సెన్సర్ ఉన్నదా?”

“ఉన్నది.”

“ఏమంటుంది?”

“ఓకే అంటుంది.”

“ఆపరేటింగ్ సిస్టమే ఓకే అంటుంటే మధ్యల నీ ఐస్ ముక్కేంది?”

“ఫోల్డర్ల ఉంటే బోర్డు మీద ఉన్నట్టేనా అన్నా?”

సెన్సర్ మెల్లగా పట్టుకుంటుందిలే, సంతకం పెట్టి స్టిక్కర్లు వెయ్యమన్నాను. ఐస్ కవరు నా బల్ల మీద పెట్టి, వేసింది. ఐటీఐ వాళ్ళకు ప్రతిదీ చేత్తో ముట్టుకుని చూడాలి. కరిగిన నీళ్ళు నా కీబోర్డులోకి పోయాయి. ఆ పిల్ల వల్ల ఇవాళ జరిగిన పని అదొక్కటే.

ఏప్రిల్ 25, శుక్రవారం

బీపీ 126/82.

పొద్దున వాళ్ళమ్మ ఫోన్లో చెప్తుంటే హిమజ చేతికి అందిన కాగితం ఇదేనట. ఈ పేజీ నిండా మామిడికాయ తొక్కు కొలతలు. కాయలు పన్నెండు, కారం మూడు గ్లాసులు, ఉప్పు రెండు గ్లాసులు. బీపీ డైరీలో రెండు గ్లాసుల ఉప్పు. మిగతా పేజీలు చదవలేదని ఒట్టు పెట్టింది.

ఏప్రిల్ 30, బుధవారం

బీపీ 124/80.

బాలరాజు వాన్ వేసుకొచ్చి బోర్డులు బిగించిన పెట్టెలు తీసుకెళ్ళాడు. ఒకటి ఆన్ చేసి చెవి ఆనించి విన్నాడు.

“పాతయి బర్రెల లెక్క అర్సేటియి తమ్మీ. దీనికి సప్పుడే లేదు. మంచి కంపెనీ మీది.”

థాంక్స్ అన్నాను. సార్ అందరికీ మైసూర్‌పాక్ పంచాడు. నేను రెండు తిన్నాను.

మే 8, గురువారం

బీపీ 124/80.

పదింటికి బాలరాజు వాన్ తెచ్చి మా గేటుకు అడ్డంగా పెట్టాడు. తిడతాడనుకున్నాం. తిట్టలేదు, నన్ను వాన్ వెనక్కి తీసుకెళ్ళి ఖాళీ పెట్టె చూపిస్తూ చెప్పాడు.

నాగారంలో గండయ్య అని ఒక మేస్త్రీ మంగళవారం సాయంత్రం చనిపోయాడు. కొత్త పెట్టెల్లో మొదటిది వాళ్ళింటికే పోయింది. పెద్ద కూతురు భీవండిలో ఉంటుంది, మరమగ్గాల దగ్గర. బస్సెక్కింది, బుధవారం మధ్యాహ్నానికి వస్తుంది. ఆమె వచ్చేదాకా ఉంచాలి.

“ముత్తమ్మ పెద్దమ్మ, ఆయన భార్య, అద్దం మీద చెయ్యి పెట్టి అంటనే ఉన్నది తమ్మీ. ఇది సల్లగ లేదురా, మా ఆయనకు ఉక్కపోస్తుందిరా అని. మేమేమన్నం? స్క్రీన్ సూడు పెద్దమ్మా, నాలుగున్నది అన్నం. వేరేటోళ్ళు గాదు, నేనే అన్న.”

తెల్లారేసరికి ఊదుబత్తులు కట్టలు కట్టలు వెలిగించారట. తొమ్మిదింటికల్లా వాకిట్లో ఎవరూ కూర్చోలేకపోయారు. స్క్రీన్ మీద నాలుగే ఉంది. పదకొండింటికి ఇక లాభం లేదని ఎత్తేశారు.

“మద్యాన్నం రెండు గంటలు గొట్టంగ దిగింది బిడ్డ. వాకిట్ల పెట్టె ఉన్నది, నాయిన లేడు.”

బాలరాజు పన్నెండేళ్ళుగా శవాలు మోస్తున్నాడు. మా గేటు దగ్గర నిలబడి ఏడ్చాడు. నేను ఎటు చూడాలో తెలియక వాన్ మీద రాసిన ఫోన్ నంబరు రెండుసార్లు చదివాను.

తర్వాత పెట్టెలోంచి బోర్డు తీసి చూశాను. ఐదు నిమిషాల పని. కొత్త చిప్ ఉండే అడ్రస్ వేరు. నా చెట్టులో పాత చిప్, పాత అడ్రస్. ఆపరేటింగ్ సిస్టమ్ ఆ అడ్రస్‌కు పోయి తలుపు కొట్టింది, ఎవరూ పలకలేదు, ఆ సంగతి లాగ్‌లో ఒక మూల రాసి ఊరుకుంది. ఫోల్డర్లో మాత్రం సెన్సర్ పేరు ఉంది, ఓకే ఉంది. ఆ ఓకే దాని సొంత మాట కాదు, నేను టైప్ చేసిందే. నేను రాసిన ఓకే నాకే చదివి వినిపిస్తే నమ్మి పాస్ చేశాను. సెన్సర్ చదవకపోతే స్క్రీన్ నాలుగు చూపిస్తుంది, నాలుగు ఉంటే చల్లబడిందనుకుని కంప్రెసర్ తిరగదు. సప్పుడు లేనిది అందుకే.

సార్ ఏమైందని అడిగితే ఇంకా చూస్తున్నానన్నాను. రేపు చెప్తాను.

మే 9, శుక్రవారం

బీపీ 124/80.

సార్ టెస్టింగ్ కాగితాలు తీయించాడు. పది బోర్డుల మీదా సంతోషి సంతకమే. ఆమెను గదిలోకి పిలిచాడు, తర్వాత నన్ను పిలిచాడు. సార్ ఏదో అడిగాడు, గుర్తు లేదన్నాను. రోజుకు వంద విషయాలు జరుగుతాయి, అన్నీ ఎవరికి గుర్తుంటాయి.

కంప్లైంట్ ఫారంలో “బాధ్యులు” అన్న గడిలో సార్ సంతోషి పేరు రాశాడు. నెలాఖరుకు మానెయ్యమన్నాడు.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో బజ్జీలు బాగున్నాయి.

మే 10, శనివారం

బీపీ 124/80. రేపు చెప్తాను.

మే 11, ఆదివారం

రేపు ఆదివారమని నిన్న రాసేటప్పుడు గమనించలేదు.

పొద్దున హిమజ టీవీ దగ్గర దుమ్ము దులుపుతూ బీపీ మెషీన్ అట్టపెట్టె విప్పింది. లోపల ప్లాస్టిక్ కవర్ కూడా చింపలేదు. బ్యాటరీలు వేసి బటన్ నొక్కింది.

“దీనిల మెమరీ ఉంటది. ఒక్క రీడింగ్ లేదు. నెల దినాల నుంచి దేంతోని సూసుకుంటున్నవ్?”

“అందాజుగ.”

“అందాజుగ బీపీ సూసుకునేటోన్ని నిన్నే సూస్తున్న.”

డైరీ తెచ్చి అంకెలు చూసింది. అంకెలే చూస్తానని మొదలుపెట్టి మొత్తం చదివేసింది. నేను సోఫాలో కూర్చుని ఫ్యాన్ వంక చూశాను. ఏప్రిల్ 24 పేజీ దగ్గర చాలాసేపు ఆగింది.

“సార్ ఏమడిగిండు నిన్ను, శుక్రవారం?”

చెప్పాను. ఐస్ ముక్క పెట్టి చూశాను, దయన్నకు చెప్పాను అని సంతోషి సార్‌తో అన్నదట. నిజమేనా అని నన్ను అడిగాడు. నేను గుర్తు లేదన్నాను.

“గుర్తు లేదా? తారీకు ఏసి రాసుకున్నవ్ గద.”

ఆమె డైరీ మూసి ఒళ్ళో పెట్టుకుంది.

“మా షాపుల మందు డబ్బా మీద డేట్ సూసి ఇయ్యం. లోపల గోలీల పట్టీ మీద సూసి ఇస్తం. డబ్బా ఎవ్వడన్న మారుస్తడు. ఇంటర్ ఫెయిలయిన పిల్లలకు గూడ నేర్పిస్తం గిది. నువ్వు బీటెక్.”

ఆ పిల్ల ఇంట్లో ఎవరున్నారని అడిగింది. అమ్మకు నడుం పడిపోయింది, తమ్ముడు ఇంటర్, సంపాదించేది సంతోషి ఒక్కతే. శవాన్ని పాడుచేసిన పిల్ల అని పేరు పడితే నాచారంలో ఏ షెడ్డువాడూ గేటు తియ్యడు. ఇవన్నీ నాకు ముందే తెలుసు. ఇంతవరకు డైరీలో రాయలేదు, అంతే.

మే 12, సోమవారం

సార్‌కు చెప్పేశాను. బొటనవేలు, పాత చెట్టు, ఐస్ ముక్క, గుర్తు లేదన్నది, అన్నీ చెప్పాను. మాట తడబడింది గానీ చెప్పాను.

సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“ఇప్పుడు ఆ చెట్టు సరి జేసినవా?”

“జేసిన సార్.”

“మరింకేంది. బాలరాజుకు ఎవరినో ఒకరిని సూపియ్యాలె గద దయా. నువ్వు పోతే ఆ చెట్టు రాసేటోడు మళ్ళ ఏడ దొరుకుతడు? ఆమెది సంతకం పనే. సంతకానికి ఎవరైన దొరుకుతరు. పో, పని సూస్కో.”

బయటికి వచ్చాను. సిగ్గులేని మాట రాస్తున్నాను, నాకు హాయిగా అనిపించింది. నిజం చెప్పేశాను, వినకపోతే ఆయన ఖర్మ, నా పని అయిపోయింది అనుకున్నాను. ఆ హాయి నాలుగింటి టీ దాకా ఉంది.

టీ దగ్గర సంతోషి వచ్చింది. ఏడ్చిన మొహం కాదు, మామూలుగానే ఉంది.

“దయన్నా, ఐస్ ముక్క సంగతి దయాకర్‌కు యాది లేదంటుండని సార్ అన్నడు. మీరు అట్ల అనలే గద?”

అలా అనలేదని నా నోట్లోంచి వచ్చేసింది. అప్పుడు ఆమె నవ్వింది. “నాకెర్కనే, మీరు అట్ల అనరని” అంది.

నాకు చచ్చిపోవాలనిపించింది. చచ్చినా పెట్టడానికి ఊళ్ళో పనిచేసే పెట్టె కూడా లేదు.

మే 13, మంగళవారం

సెలవు పెట్టాను. అన్నోజిగూడ పోయి బాలరాజుకే చెప్తానన్నాను హిమజతో. ఒట్టి చేతులతో పోతే సార్ చెప్పేది ఒకటి, నేను చెప్పేది ఒకటి అవుతుంది. ఏప్రిల్ 24 పేజీ చింపి తీసుకుపోవాలి. దాని వెనకాల తొక్కు కొలతలు ఉన్నాయి. నిజానికి మొన్నటి నుంచీ ఆ పేజీ చింపి పారెయ్యాలని ఉంది, కొలతలు పోతాయని ఆగానని నాకు నేనే చెప్పుకుంటున్నాను.

“చింపు. కొలతలు నాకు నోటికొచ్చు” అంది హిమజ.

బాలరాజు హైవే పక్కన రేకుల కింద వాన్ కడుగుతున్నాడు. కాగితం ఇచ్చాను. తడి చెయ్యి చొక్కాకు తుడుచుకుని గట్టిగా చదివాడు, కింద కడుపు ఉబ్బరం మాత్రతో సహా చదివాడు. “ఆ పిల్ల వల్ల ఇవాళ జరిగిన పని అదొక్కటే” దగ్గర ఆగి నా వంక చూశాడు. నా రాత ఇంకొకరి నోట వినడం అదే మొదటిసారి. చెంపదెబ్బ కొట్టి ఉంటే దానికన్నా నయంగా ఉండేది.

“మీ సార్ ఆ పిల్లది తప్పన్నడు. తీసేసిన అన్నడు.”

“తప్పు నాది అన్నా. ఆమె చెప్పింది, నేనే ఇన్లేదు.”

“పెద్దమ్మ చెప్పింది, నేను ఇన్లే. ఇద్దరం ఒక్క తీరోళ్ళమే.” కాగితం మడిచి నా జేబులోనే పెట్టాడు. “శుక్రవారం పదకొండో దినం. నాగారం రా. నాకు గాదు, ఆమెకు సదివి ఇనిపియ్యి.”

మే 15, గురువారం

రేపు నాగారం. జ్వరం వస్తుందేమోనని చూశాను. రాలేదు.

మే 16, శుక్రవారం

రెండు గదుల ఇల్లు, ముందు షామియానా. గండయ్యే కట్టుకున్నాడట ఆ ఇల్లు. ముత్తమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. బాలరాజు నన్ను ఆమె ముందు కూర్చోబెట్టి, పెట్టెల కంపెనీ పిలగాడని చెప్పాడు. పక్కన భీవండి కూతురు విస్తరాకులు తుడుస్తోంది.

కాగితం తీసి చదివాను. ఓకే దాకా బాగానే చదివాను. ఐస్ ముక్క దగ్గర వరస తప్పి మళ్ళీ మొదలుపెట్టాను. ముత్తమ్మకు చెట్టు, ఫోల్డర్లు ఏం అర్థమయ్యాయో తెలియదు. నేను ఆపాక అడిగింది.

“గా పిల్ల ఐస్ పెట్టి సూసిందా?”

“సూసింది పెద్దమ్మా.”

“సల్లగైతలేదని చెప్పిందా?”

“చెప్పింది.”

“నేను గూడ చెయ్యి పెట్టి సూసిన బిడ్డా. పొద్దుగూకినకాడ్నుంచి చెప్పిన. ఎవ్వలు ఇన్లే.”

తప్పయిందన్నాను. కాళ్ళు పట్టుకోబోతే తీసేసుకుంది. తిట్టలేదు. తిడితే బాగుండునని కూర్చున్నాను. అప్పుడు కూతురు తలెత్తకుండానే మాట్లాడింది.

“ఫోన్ల ఫోటోలు తీసిన్రు, సూడ బుద్ధయితలేదు. పండుకున్నట్టే ఉండెనా, నొప్పి ఉన్నట్టు ఉండెనా అని అందర్ని అడుగుతున్న. ఒక్కొక్కలు ఒక్కొక్క తీరు చెప్తున్రు. నా కండ్లతోని సూసుకునేది ఉండె అన్నా.”

ఆ జవాబు ఏ ఫోల్డర్లోనూ ఉండదు. ఏడ్చాను. భోజనాల్లో కూర్చోబెట్టినా ఆగకపోతే, పక్క విస్తరి ముందున్న ముసలాయన నేను గండయ్యకు దగ్గరి చుట్టాన్ననుకుని భుజం తట్టి, తినమన్నాడు. తిన్నాను. ఉప్పు ఎక్కువైంది.

లేచేటప్పుడు ముత్తమ్మ బాలరాజును పిలిచింది.

“ఆ పిల్లను తీసేస్తున్రటగద. గామెనూ తీసేస్తే ఇగ నీ పెట్టెలు ముట్టి సూసేటిదెవరురా?”

బాలరాజు షామియానా బయటికి వచ్చి సార్‌కు ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు. రెండే మాటలు. “ఆ పిల్ల చెయ్యి పెట్టి సూడని పెట్టె నా బండి ఎక్కది. గా ఫారంల పేరు మార్చు సార్, ఆ పిలగాడు నా పక్కకే ఉన్నడు.”

మే 19, సోమవారం

సార్ ఫారం నా ముందుకు తోశాడు. సంతోషి పేరు ఆయనే కొట్టేసి ఉంచాడు, గడి ఖాళీగా ఉంది. నింపవలసినవాడు నింపాడు. దయాకర్ అని పూర్తి పేరు రాసి, సంతకం పెట్టి, కారణం అన్న చోట బొటనవేలుతో సహా రాశాను. మూడు నెలలు నాకు ఏ కొత్త పనీ ఇవ్వనన్నాడు. నేను రాసే ప్రతిదీ సంతోషి చూశాకే బయటికి పోవాలన్నాడు. ఆ రెండో మాట బాలరాజు పెట్టించిందని తెలుసు.

టెస్టు ప్రోగ్రాం మార్చాను. ఇప్పుడది ఫోల్డర్‌ను అడగదు, సెన్సర్‌నే అడుగుతుంది. చదవకపోతే స్క్రీన్ మీద గీతలు వస్తాయి. ఐసీయూ గుర్తొస్తే రానీ అని సారే అన్నాడు. సంతోషి ఇంటి నుంచి స్టీల్ టిఫిన్ డబ్బాలో ఐస్ తెచ్చుకుంది. బాలరాజు తెచ్చిచ్చిన బోర్డుల్లో ఒక్కోదానికి ఆనించి, అంకె దిగేదాకా చూసి, చెయ్యి పెట్టి, అప్పుడు స్టిక్కర్ వేస్తోంది. మొదటి రోజే ఒకటి వెనక్కి పంపింది.

“ఇది ఫెయిల్ సార్. తీగ లూజున్నది.”

మొన్నటిదాకా దయన్నా అనేది. నేను గుర్తు లేదన్నది నిజమేనని ఎవరో చెప్పేసి ఉంటారు, సారే కావచ్చు. ఇవాళ పొద్దున్నించీ సార్ అంటోంది. ఎందుకని అడిగే మొహం నాకు లేదు. బోర్డు తీసుకుని తీగ సరిచేసి ఇచ్చాను, మళ్ళీ ఐస్ పెట్టి చూసింది.

మే 20, మంగళవారం

బీపీ 158/100.

ఏప్రిల్ 14 నుంచి రాసిన అంకెలన్నీ కొట్టేశాను. ఇవాళ సాయంత్రం డాక్టరు దగ్గరికి పోవాలి. నెల రోజులు రాయమంటే ఒక్క రోజుదే ఉందేమని అడుగుతాడు. మిగతావి నేను చెప్పినవి, ఇది మెషీన్ చెప్పిందని చెప్తాను. చేతికి మెషీన్ పట్టీ కట్టుకుని చూసుకుంటున్నంతసేపూ హిమజ పక్కనే కూర్చుంది. తొక్కు జాడీ అటకెక్కించింది.